నానబెట్టిన పాట

మా ఆఫీసులో గోడగడియారం లేదు. వేళ తెలియాలంటే కిటికీలోంచి ఎదురుగా ఉన్న టీకొట్టు వైపు చూడాలి. అక్కడ బజ్జీల మూకుడు పొయ్యి మీదికెక్కితే మేం ఫైళ్ళు కట్టేస్తాం. గడియారం కొనవద్దని ఎవరూ అనలేదు, చాలాసార్లు కొనబోయాం కూడా. కానీ మాది గోనెసంచుల నాణ్యతా మండలి. మండలి కొనే ఏ వస్తువైనా మండలి పరీక్షలలో నెగ్గి తీరాలని మా నియమావళి మొదటి పేజీలోనే ఉంది. వస్తువంటే సంచి అని రాసినవారి ఉద్దేశం కావచ్చు. అయితే ఉద్దేశాన్ని వారు రాయలేదు, రాయనిదాన్ని మేం చదవం. అందుచేత తెచ్చిన ప్రతి గడియారాన్నీ ఒక పగలూ ఒక రాత్రీ సిమెంటు తొట్టిలో నానబెట్టాం. ఏదీ నెగ్గలేదు.

నెగ్గిన వస్తువులు లేకపోలేదు. ఇనుప కుర్చీలు నెగ్గాయి. ఒక రుబ్బురోలు పొత్రం అన్ని పరీక్షల్లోనూ మొదటి శ్రేణిలో నెగ్గి, ప్రస్తుతం కార్యదర్శిగారి బల్ల మీద కాగితాలు ఎగరకుండా చూసుకుంటోంది.

ఆ పరీక్షలేమిటో చెబితేగాని ఈ కథ నడవదు. మొదటిది పడవేత పరీక్ష. సంచిని గిడ్డంగిలో ఒకదాని మీదొకటి పేర్చిన బస్తాల నెట్టు పైనుంచి కిందికి వదులుతారు. రెండోది కొక్కెం పరీక్ష. హమాలీలు బస్తా లాగడానికి వాడే ఇనుప కొక్కెం సంచికి గుచ్చి వేలాడదీస్తారు. మూడోది నానబెట్టు పరీక్ష, దాని సంగతి గడియారం దగ్గరే చెప్పాను. నాలుగోది, అన్నిటికన్నా గొప్పది, కారుడు పరీక్ష. సంచి కింద నల్లగుడ్డ పరిచి, సంచిని బాగా కుదిపి, ఒక్క గింజైనా బయటికి రాలిందేమో చూస్తారు. రాలితే ఆ సంచి మీద ఎర్రసిరాతో 'తిరస్కృతం' అని ముద్ర పడుతుంది. ఆ క్షణం నుంచి దాన్ని ప్రహరీ లోపల ఉంచడానికి వీల్లేదు. వెనక సందులోకి గెంటేస్తారు.

ముద్ర వేసే చెయ్యి మా సాంకేతికాధికారి తటవర్తి భీమశంకరంగారిది. ఆయన ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి కారుడు పరీక్షే చేస్తున్నారు. లోకంలో ఉన్నవి రెండే జాతులని, కారేవి, కారనివి అని ఆయన నమ్మకం. పెళ్ళి భోజనంలో విస్తరాకు వేసినా వంగి అడుగున చూస్తారు. మంచి మనిషి. నేను ఆ ఆఫీసులో నోట్లూ ఉత్తర్వులూ రాసే గుమాస్తాను. ఆయన ఏది కారిందంటే అది కారిందని రాయడం నా పని.

ఇలా ఉండగా రాజధానిలోని మా ప్రధాన కార్యాలయానికి ఆరోగ్యం మీద ధ్యాస మళ్ళింది. అక్కడి పెద్దలెవరో ఎక్కడో ఒక ఉపన్యాసం విని వచ్చారట. వారం తిరక్కుండా అన్ని కార్యాలయాలకీ ఉత్తర్వు దిగింది.

"మండలి ఉద్యోగులయందు స్తబ్ధత ప్రబలియున్నట్లు ప్రభువుల దృష్టికి వచ్చినది. కావున ప్రతి ఉద్యోగియు ప్రతి దినము కార్యాలయ ఆవరణయందు, పనివేళలకు పూర్వము, చురుకైన జీవనశైలిని అవలంబించవలెను. సదరు జీవనశైలి నడక రూపమున, సంగీత సహితముగా ఉండవలెను. సంగీతము నిమిత్తము చేతపట్టుకు తిరుగదగిన పాటల పరికరమును ఎంపిక చేసి సమకూర్చుకొనవలెను. చేతిఫోనులు సంభాషణా సాధనములగుటచే సదరు నిర్వచనము కిందికి రావు."

మా కార్యదర్శి వెంపటాపు కోదండపాణిగారు ఆ ఉత్తర్వును నిలబడి చదివారు. ఉత్తర్వులన్నిటినీ ఆయన నిలబడే చదువుతారు. చదివి, భీమశంకరంగారితోనూ లెక్కల విభాగం చూసే కరుణకుమారిగారితోనూ ఒక సంఘం వేసి, నన్ను రాతపనికి కూర్చోబెట్టారు.

"ముందు మనం తేల్చుకోవలసినది ఏమనగా, చురుకు అంటే ఏమి?" అన్నారు కార్యదర్శిగారు.

"ఫోనుల్లో పాటలు వస్తాయి కదండీ. ఎవరి ఫోన్లో వాళ్ళు పెట్టుకుని నడిస్తే అయిపోదా?" అన్నారు కరుణకుమారిగారు. ఆవిడకి ఈ ఊరు బదిలీ అయి ఎన్నాళ్ళో కాలేదు.

"అమ్మా, అయిపోయే పనికి సంఘం వెయ్యరు," అన్నారు కార్యదర్శిగారు మెత్తగా. తర్వాత భీమశంకరంగారి వైపు తిరిగారు.

భీమశంకరంగారు చాలాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "సంచి గిడ్డంగిలో పడి ఉంటే అది స్తబ్ధత అండి. లారీ ఎక్కి ప్రయాణంలో ఉంటే అది చురుకు. చురుకైన జీవనశైలి అంటే రవాణాలో ఉన్న సంచి స్థితి అని నా అభిప్రాయం. రవాణా సంచికి నాలుగు పరీక్షలూ తప్పనిసరి."

ఇంత స్పష్టమైన నిర్వచనం ప్రధాన కార్యాలయంలో కూడా ఎవరికీ తట్టి ఉండదని కార్యదర్శిగారు మెచ్చుకున్నారు. నేను రాసుకున్నాను. కరుణకుమారిగారు కిటికీలోంచి టీకొట్టు వైపు చూశారు. మూకుడు ఇంకా ఎక్కలేదు.

ఈ ఆఫీసులో అప్పటికే రోజూ నడిచే మనిషి ఒకరున్నారు. స్టోరు కీపరు పోలిశెట్టి అచ్యుతరావుగారు. ఆయనకి గుండె ఆపరేషన్ అయింది. రోజూ పొద్దున్నే నడవకపోతే మళ్ళీ తన దగ్గరికే రావలసి ఉంటుందని డాక్టరు చెప్పి పంపాడు. అందుకని ఆయన గిడ్డంగి తాళాలు తీయడానికి పెందలాడే వచ్చి, ఆవరణలో ప్రహరీ వెంట నడిచేవారు. చొక్కా జేబుకి అగ్గిపెట్టంత నీలం రంగు పాటల డబ్బా ఒకటి తగిలించుకుని, దాని తీగలు చెవుల్లో పెట్టుకునేవారు.

ఆ డబ్బాలో ఉన్నది ఒకే ఒక్క పాట. అది ఆయన భార్య సీతారత్నంగారు పాడినది. ఆవిడ పాటగత్తె కాదు. వంటింట్లో కూర తరుగుతూ ఏదో పాడుకుంటుంటే, ఇంటికి వచ్చిన మేనల్లుడు ఆవిడకి తెలియకుండా తన ఫోనులో పట్టి, తర్వాత ఈ డబ్బాలోకి ఎక్కించి ఇచ్చాడు. ఆ తర్వాతి ఏడే ఆవిడ పోయారు. మేనల్లుడి ఫోను ఎప్పుడో కాలవలో పడిపోయింది కాబట్టి, ఆవిడ గొంతు ఇంక ఆ నీలం డబ్బాలో తప్ప ఎక్కడా లేదు. ఒకసారి ఒక తీగ నా చెవిలో పెట్టి వినిపించారు. వెనకాల కుక్కరు ఈల వేస్తూ ఉంటుంది, గిన్నెలు మోగుతూ ఉంటాయి, చరణం మధ్యలో ఆవిడ పాట ఆపి, "ఏవండోయ్, ఆ పాలు చూడండి, పొంగిపోతన్నాయి," అని గట్టిగా కేకేస్తారు. మళ్ళీ వదిలిన చోటే పాట అందుకుంటారు.

ఆ కేక వచ్చినచోట అచ్యుతరావుగారి అడుగు తనంత తనే జోరందుకుంటుంది. బతికున్నంత కాలం ఆ మాటకి పరిగెత్తిన కాళ్ళవి. కేక వచ్చేటప్పటికి ఆయన సరిగ్గా ఆవరణ వెనక మూలకి చేరేవారు. తాళాల కోసం వెంటపడినా ఆ మూల దగ్గర ఆయన్ని ఎవరమూ అందుకోలేకపోయేవాళ్ళం. డాక్టరు కూడా, "మధ్యలో కాస్త జోరు పెంచుతున్నారు, అదే మిమ్మల్ని కాపాడుతోంది," అన్నాడట.

ఉత్తర్వు వచ్చిన మర్నాడు కార్యదర్శిగారు గేటు దగ్గర కారు దిగి ఆయన్ని చూశారు.

"ఏమిటిది అచ్యుతరావుగారూ?"

"నడుత్తన్నానండి. డాక్టరు గారు చెప్పేరండి."

"సంగీతం?"

"ఉందండి. మా ఆవిడదండి."

"అది ఆమోదం పొందిన సంగీతం కాదు. సంఘం పరికరాన్ని ఎంపిక చేసే పర్యంతం సంగీతం ఉన్నట్లు లెక్కలోకి రాదు. సంగీతం లేని నడక చురుకైన జీవనశైలి అనిపించుకోదు. అది వట్టి తిరుగుడు. ఆవరణలో వట్టి తిరుగుడు క్రమశిక్షణా రాహిత్యం."

"మరి ఎంపిక ఎప్పటికవుద్దండి?"

"యథావిధిగా," అన్నారు కార్యదర్శిగారు.

అచ్యుతరావుగారు ఆ రోజు నుంచి గిడ్డంగి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టారు. బయట రోడ్డు మీద నడుద్దామంటే అటు అంతా ఇసుక లారీలు. ఆరోగ్యం కోసం ఉత్తర్వు వచ్చిన నాటి నుంచి మా ఆఫీసులో నడిచే ఆ ఒక్క మనిషీ నడక మానేశాడు. ఆ సంగతి నేను నోటులో రాయలేదు. రాయమని ఎవరూ అనలేదు.

పరికరాల కోసం ప్రకటన వేస్తే రెండు దుకాణాల వాళ్ళు తలా ఒక నమూనా పంపారు. నియమం ప్రకారం కనీసం మూడు నమూనాలు పోల్చి చూడాలి. మూడోదాని కోసం కొన్నాళ్ళు చూశాం. తనిఖీ అధికారి వస్తున్నారని కబురు వచ్చేసరికి కార్యదర్శిగారికి కంగారు పుట్టింది. అప్పుడు ఆయనకి అచ్యుతరావుగారి నీలం డబ్బా గుర్తుకు వచ్చింది.

"అది దుకాణం వారిది కాదు కదండీ. ఆయన సొంతం," అన్నారు కరుణకుమారిగారు.

"ఆవరణలో దొరికిన వస్తువు నమూనాగా స్వీకరించవచ్చునని తొమ్మిదో నిబంధన," అన్నారు భీమశంకరంగారు. నిజమే. గిడ్డంగిలో నేలపాలైన సంచుల కోసం పెట్టిన నిబంధన అది.

ఉత్తర్వు నేనే రాశాను. 'సదరు నమూనా పరీక్షానంతరము యథాస్థితిలో సొంతదారునకు తిరిగి ఇవ్వబడును' అని చివర ఒక వాక్యం నేనే సొంతంగా చేర్చాను. అచ్యుతరావుగారు డబ్బాని జేబులోంచి తీసి, తీగలు చుట్టి, రుమాలులో పెట్టి నా చేతికిచ్చారు.

"మళ్ళీ ఇచ్చేత్తారు కదండీ?"

"రాసి ఉందండి," అన్నాను.

పరీక్షలు గిడ్డంగిలో జరిగాయి. మొదటి నమూనా తెచ్చిన దుకాణం కుర్రాడు మెడలో టై కట్టుకుని వచ్చాడు. వాడి పరికరం కొబ్బరికాయంత ఉంది, రంగురంగుల దీపాలు వెలుగుతున్నాయి. పరుగుకి ఒక రకం పాటలు, మెట్లెక్కడానికి ఒక రకం, బరువులెత్తడానికి ఇంకో రకం అందులో ఉన్నాయని చెప్పాడు. పరిగెత్తినా జారిపోకుండా భుజానికి పట్టీ ఉందన్నాడు.

"చెమటకి కూడా తట్టుకుంటుందండి," అన్నాడు.

"చెమట సరే. తొట్టికి?" అన్నారు భీమశంకరంగారు.

"తొట్టిలో ఎందుకండీ నడవడం?"

"నాయనా, మేం సంచిని తొట్టిలో వేస్తాం. ఆ సంచి తొట్టిలో బియ్యం వండుతోందని కాదు గదా."

కుర్రాడికి అర్థం కాలేదు. అర్థమయ్యేలోగా హమాలీ దాన్ని బస్తాల నెట్టు పైకి తీసుకుపోయి కిందికి వదిలాడు. దీపాలు ఆరిపోయాయి గాని, పాట మాత్రం ఆగకుండా వస్తూనే ఉంది, అదీ మునుపటికన్నా గట్టిగా. తర్వాత కొక్కెం గుచ్చి వేలాడదీశారు. అప్పుడూ పాడింది. తొట్టిలో వేస్తే నీళ్ళ అడుగునుంచి కూడా బుడబుడమని పాడుతూనే ఉంది. కుర్రాడు తన సరుకు ఇంత గట్టిదని తనకే తెలియనట్టు నోరు తెరిచి చూశాడు.

రెండో నమూనా చెవిలో పెట్టుకునే రెండు గింజలు. తీగ లేదు, చూడ్డానికే చాలా ఖరీదైనవిగా ఉన్నాయి. బస్తాల నెట్టు మీంచి వదిలితే ఒక గింజ పందికొక్కు కన్నంలో పడి మరి దొరకలేదు. మిగిలిన గింజకి కొక్కెం గుచ్చడానికి చోటు చాలక దారంతో కట్టి వేలాడదీశారు. నానబెట్టాక కూడా అందులోంచి సన్నగా ఏదో వినిపిస్తూనే ఉంది.

మూడోది అచ్యుతరావుగారి డబ్బా. దాన్ని రుమాలులోంచి తీసేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. పడేశారు, కొక్కేనికి వేలాడదీశారు, నానబెట్టారు. నానబెట్టేటప్పుడు నేను ఏదో ఫైలు పని పెట్టుకుని బయటికి వచ్చేశాను. బయట అరుగు మీద అచ్యుతరావుగారు కూర్చుని ఉన్నారు. "అయిపోయిందాండీ?" అని అడిగారు. "ఇంకా కారుడు పరీక్ష ఉందండి," అన్నాను. నాకు బాధ వేసింది. బాధ వేసిందని చెప్పడానికి మా ఆఫీసులో వేరే ఏర్పాటు లేదు.

మర్నాడు కారుడు పరీక్ష. నల్లగుడ్డ పరిచారు. మూడు నమూనాలనూ కుదిపారు. దేంట్లోంచీ ఏమీ రాలలేదు. ఇంకొకరైతే అక్కడితో సరిపెట్టేవారు. భీమశంకరంగారు అలా వదిలేసే మనిషి కాదు. చెయ్యెత్తి అందరినీ ఆపారు.

"సంచిలో నిల్వ ఉండేది ధాన్యం. కనుక కారితే ధాన్యం కారుతుంది. ఈ పరికరంలో నిల్వ ఉండేది పాట. కనుక ఇది కారితే పాట కారుతుంది. మనం చూడవలసింది గుడ్డ మీద కాదు. చెవితో."

కార్యదర్శిగారు లేచి నిలబడ్డారు. ఉత్తర్వులకి కాక ఒక ఉద్యోగి మాటకి ఆయన లేచి నిలబడటం నేను చూడటం అదే మొదలు.

మొదటి నమూనా మీట నొక్కారు. గిడ్డంగి దద్దరిల్లింది. పావురాలు లేచిపోయాయి. "నిలువెల్లా కంతలే," అని భీమశంకరంగారు ముద్ర వేశారు. రెండోదాన్ని మూరెడు దూరంలో ఉంచి చెవి పెట్టారు. "సన్నగా కారుతోంది. కుట్టు దగ్గర." దానికీ ముద్ర పడింది. మూడోదాని మీట నొక్కారు. చెవి దగ్గర పెట్టారు. తీగలు చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఊపిరి బిగబట్టారు. మేమంతా బిగబట్టాం.

"ఒక్క గింజ లేదు," అన్నారు కళ్ళు తెరిచి. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా ఉద్యోగకాలంలో ఇంత గట్టి నేత చూడలేదు."

"అది పాడటం లేదండి. నీళ్ళు పోయి పాడైపోయింది," అన్నారు కరుణకుమారిగారు.

"మేడమ్, సంచిలో ధాన్యం ఉందా లేదా అన్నది మన పరిధి కాదు. బయటికి వస్తోందా లేదా అన్నదే మన పరిధి."

"వినబడని పాట పెట్టుకుని ఎవరైనా ఎందుకు నడుస్తారండి?"

"ఉత్తర్వు ప్రకారం," అన్నారు కార్యదర్శిగారు.

కరుణకుమారిగారు తన భిన్నాభిప్రాయం నమోదు చేయమన్నారు. నమోదు చేశాను. భిన్నాభిప్రాయాలు పెట్టే బీరువా మా దగ్గర వేరే ఉంది. అది నాలుగు పరీక్షలూ నెగ్గిన బీరువా.

అచ్యుతరావుగారు ఆ సాయంత్రం రుమాలు పట్టుకుని లోపలికి వచ్చారు. అప్పటికే నీలం డబ్బాని అద్దాల పెట్టెలో పెట్టి, లక్కతో సీలు వేసి, 'ప్రమాణ నమూనా' అని చీటీ అంటించారు. మున్ముందు రాష్ట్రంలో మా కార్యాలయాలు కొనే పాటల పరికరాలన్నీ దానితో సరిపోల్చుకోవాలి.

"మీరు గర్వించాలండీ," అన్నారు కార్యదర్శిగారు.

"మళ్ళీ ఇచ్చేత్తామని రాసేరండి."

"యథాస్థితిలో ఇస్తామని రాశాం. ప్రమాణ నమూనా అయిన తర్వాత అది యథాస్థితిలో లేదు. కనుక ఆ వాక్యం వర్తించదు."

నేను నా వాక్యం వైపు చూసుకున్నాను. వర్తించని మాట నిజమే.

అచ్యుతరావుగారు అద్దానికి దగ్గరగా వంగారు. తర్వాత భీమశంకరంగారి వైపు తిరిగారు. "అందులో పాటుందాండి?"

భీమశంకరంగారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "ఉన్నదంతా లోపలే ఉందండి. రవ్వంత కూడా బయటికి పోలేదు. దానికి నేను పూచీ."

ఆయన ఓదారుస్తూనే ఆ మాట అన్నారు. అచ్యుతరావుగారు ఖాళీ రుమాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ప్రమాణ నమూనాకి సరిపడే సరుకు మొదటి నమూనా తెచ్చిన టై కుర్రాడే సరఫరా చేశాడు. నమూనాని అద్దంలోంచి తిప్పి తిప్పి చూసి, "ఇందులోంచి ఏం రావాలండి?" అని అడిగాడు.

"ఏమీ రాకూడదు," అన్నారు భీమశంకరంగారు.

"లోపల ఏమైనా ఉండాలాండి?"

"అది మా పరిధి కాదు."

కుర్రాడు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టినంత పని చేశాడు. సరుకు త్వరలోనే వచ్చింది. నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా, రెండు తీగలు. ప్రతి డబ్బాకీ నాలుగు పరీక్షలూ చేశారు, అన్నీ నెగ్గాయి.

చురుకైన జీవనశైలి మొదలైంది. పొద్దున్నే కార్యదర్శిగారు ముందు, మేమంతా హోదాల వారీగా వెనక, జేబుల్లో నీలం డబ్బాలు, చెవుల్లో తీగలు, ప్రహరీ వెంట తిరిగేవాళ్ళం. మొదటి రెండు రోజులూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. తర్వాత అలవాటు పడిపోయాం. కొందరు తల ఊపడం నేర్చుకున్నారు. రికార్డు గదిలో పనిచేసే ఆయన ఒకరు తొడ మీద తాళం వేసేవారు. రెండో పాటకన్నా మూడోది బాగుందని ఎవరో అనగా విన్నాను. నేను కాదనలేదు.

తనిఖీ అధికారి వచ్చారు. ఒక డబ్బా తీసుకుని చెవుల్లో పెట్టుకుని మాతోపాటు ఒక చుట్టు నడిచారు. ఆయన మొహంలో మొదట సందేహం, తర్వాత భయం, ఆ తర్వాత గాంభీర్యం కనబడ్డాయి. తీగలు తీసి కార్యదర్శిగారితో, "చాలా స్పష్టంగా ఉంది. అనవసరమైన ధ్వని అనేదే లేదు," అన్నారు. మిగతా జిల్లాలన్నీ మమ్మల్ని చూసి నేర్చుకోవాలని పుస్తకంలో రాసి వెళ్ళారు.

అచ్యుతరావుగారు వరుసలో చివరన నడిచేవారు. తన డబ్బాలాంటి డబ్బాలే అందరి జేబుల్లోనూ ఉన్నాయి. నడక బొత్తిగా నీరసించింది. వెనక మూల దగ్గరికి వచ్చేసరికి ఆయన అడుగు జోరు అందుకోకపోగా, ఇంకా తగ్గిపోయేది. అక్కడ ఆగి గోడ పట్టుకునేవారు. డాక్టరు మొహం చిట్లించాడని ఆయనే చెప్పారు. "మధ్యలో తోసే మనిషి లేదండి. అదొక్కటే," అన్నారు నాతో.

ఒకరోజు పొద్దున్న, తూర్పు గోడ పక్క నడుస్తుండగా, నా వెనక సన్నగా ఏదో వినబడింది. చెవుల్లో తీగలున్నందున మొదట నా డబ్బా పాడుతోందేమోనని హడలిపోయాను. కాదు. అచ్యుతరావుగారు పాడుతున్నారు. గొంతు బాగా లేదు, శ్రుతి అసలే లేదు. పెదవులు సరిగా కదపకుండా, కూర తరిగే మనిషి పాడుకున్నట్టు పాడుతున్నారు. నాకు ఆ పాట తెలుసు. చరణం మధ్యకి వచ్చింది. కుక్కరు ఈల వేసే చోట కాస్త ఆగారు కూడా. ఆ వెంటనే, "ఏవండోయ్, ఆ పాలు చూడండి, పొంగిపోతన్నాయి," అన్నారు గట్టిగా.

అని, ఒక్కసారిగా అడుగు సాగించారు. నన్ను దాటారు. కరుణకుమారిగారిని, భీమశంకరంగారిని దాటారు. కార్యదర్శిగారిని కూడా దాటి వెనక మూల తిరిగిపోయారు.

కార్యదర్శిగారు ఆగిపోయారు. దాంతో వరుసంతా ఆగింది.

"శబ్దం," అన్నారు ఆయన. "ఆవరణలో శబ్దం కారింది. భీమశంకరంగారూ, ఎవరి పరికరం?"

భీమశంకరంగారు మూల దాకా వెళ్ళి అచ్యుతరావుగారిని వెనక్కి పిలిచి, ఆయన డబ్బా తీసి చెవి దగ్గర పెట్టుకున్నారు. ఏమీ లేదు. డబ్బా మంచిదే. తర్వాత అచ్యుతరావుగారి దగ్గరగా చెవి పెట్టారు. అచ్యుతరావుగారు నోరు మూసుకునే ఉన్నారు, కానీ పాట ఇంకా లోపల ఆడుతూనే ఉంది. గొంతులో సన్నగా వినిపిస్తోంది.

"ఇక్కడండి," అన్నారు భీమశంకరంగారు చిన్నగా. "పరికరం కాదు. మనిషి."

"వివరణ ఇవ్వండి అచ్యుతరావుగారూ," అన్నారు కార్యదర్శిగారు.

అచ్యుతరావుగారు ఆయాసపడుతూ నుదురు తుడుచుకున్నారు. ఆయన కార్యదర్శిగారితో కాదు, భీమశంకరంగారితో మాట్లాడారు.

"పాత సంచినండి. కుట్టు వదిలేసింది. ఇన్నాళ్ళూ పట్టుకునే ఉన్నానండి. ఇంక ఆగట్లేదు. కారిపోతంది."

టీకొట్టు వాడు గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినబడింది.

"కుట్టు వేయించవచ్చును గదా," అన్నారు కార్యదర్శిగారు. "ఒక మెమో ఇచ్చి చూద్దాం."

భీమశంకరంగారు తల అడ్డంగా ఊపారు. "వాడిన సంచికి మళ్ళీ కుట్టు వేయరాదని పద్నాలుగో నిబంధన అండి. వాడిన సంచి ఒకసారి కారితే దానికి ఒకటే దారి." ఆయన చేతిసంచిలోంచి ముద్ర, సిరాపెట్టె తీశారు. అవి లేకుండా ఆయన ఎక్కడికీ వెళ్ళరు. అచ్యుతరావుగారు తనంత తనే వెనక్కి తిరిగి వీపు చూపించారు. తెల్లచొక్కా మీద ఎర్రగా 'తిరస్కృతం' అని పడింది. ముద్ర వేసేముందు భీమశంకరంగారు చొక్కా ముడతలు చేత్తో సరిచేశారు. ఆయన నియమం కోసం వేశారో, తెలిసే వేశారో నేను ఇప్పటికీ చెప్పలేను.

"తిరస్కృత సరుకు ప్రహరీ లోపల ఉండటానికి వీల్లేదండి," అన్నారు కార్యదర్శిగారి వైపు చూడకుండా. "నడక వేళ ఆయన స్థానం వెనక సందు. డబ్బా కూడా అక్కర్లేదు. తిరస్కృత సరుకుకి మండలి ఏమీ సమకూర్చదు."

కార్యదర్శిగారు నియమావళి తెప్పించి చూశారు. అలాగే ఉంది. నిలబడి చదివారు.

అప్పటి నుంచి అచ్యుతరావుగారు వెనక సందులో నడుస్తున్నారు. అక్కడికి లారీలు రావు. పాత సంచుల కుప్పలూ కొన్ని మేకలూ తప్ప ఏమీ ఉండవు. ప్రహరీ ఎత్తుగా ఉండటంచేత ఆయన మాకు కనబడరు, వినబడతారు. డాక్టరు మళ్ళీ నవ్వాడట.

మేం ఇవతల తిరుగుతూనే ఉన్నాం. చెవుల్లో తీగలు, జేబుల్లో నీలం డబ్బాలు, కార్యదర్శిగారు ముందు. అయితే రోజూ వెనక మూల దగ్గరికి వచ్చేసరికి గోడ అవతల పాట ఆగి, పాలు చూడమని కేక వినబడుతుంది. ఆ వెంటనే చెప్పుల చప్పుడు జోరందుకుంటుంది. ఇవతల కరుణకుమారిగారు, రికార్డు గది ఆయన, భీమశంకరంగారు, నేను, అందరం ఒక్కసారిగా పరుగులాంటి నడక అందుకుంటాం. నిన్న కార్యదర్శిగారు కూడా అందుకున్నారు. మూల దాటాక ఆగి, ఎందుకు పరిగెత్తామని నన్ను అడిగారు. చురుకైన జీవనశైలి అని నోటు రాశాను. ఆయన చదివి, సంతకం పెట్టి, ఇంటికి ఫోను చేసి స్టవ్ మీద పాలు దించారా అని వాళ్ళావిడని కనుక్కున్నారు.